తట్టు – రెండో సూది



ఈ వేళ తట్టు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. మా నంద్యాల వైపు కొందరు తట్టు అంటారు, కొందరు పొంగు అంటారు. పెద్దవాళ్ళయితే పేరెత్తకుండా "అమ్మవారు పోసింది" అని ఊరుకుంటారు. డాక్టర్లు మీజిల్స్ అంటారు. "అదెప్పటి జబ్బమ్మా, ఇప్పుడెక్కడుంది?" అని మీకు అనిపించవచ్చు. ఈ తరం తల్లుల్లో చాలామంది తట్టు పోసిన బిడ్డను కళ్ళారా చూసి ఉండరు. అది టీకా చేసిన మేలు. అయితే చూడని జబ్బంటే భయం ఉండదు. భయం లేనిచోట టీకా తేదీ కూడా గుర్తుండదు. తట్టు ఆ సందు చూసుకొనే మళ్ళీ లోపలికి వస్తుంది.

2020, 2021 సంవత్సరాలలో కరోనా వల్ల అందరం ఇళ్ళు కదలలేదు. పసిపిల్లల టీకాలు ఎన్నో వెనకబడ్డాయి. ఆ బాకీ 2022 చివర్లో వసూలైంది. బొంబాయిలో గోవండీ వంటి ఇరుకు పేటల్లో తట్టు ఒక్కసారిగా లేచింది, పసివాళ్ళు చనిపోయారు. వారిలో ఎక్కువమంది టీకా పడనివారే. ఆ నవంబరులోనే రాంచీ, అహ్మదాబాదు, కేరళలోని మలప్పురంలో కూడా కేసులు పెరిగితే కేంద్ర ప్రభుత్వం డాక్టర్ల బృందాలను పంపింది. ఆ ఒక్క 2022లోనే మన దేశంలో సుమారు 11 లక్షల మంది పసివాళ్ళకు తట్టు టీకా మొదటి సూది కూడా పడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2023లో ప్రపంచం మొత్తం మీద కోటి మందికి పైగా తట్టు సోకింది, లక్షా ఏడు వేల మందికి పైగా చనిపోయారు. చాలామంది అయిదేళ్ళ లోపు పిల్లలే.

ఇది బీదవాళ్ళ జబ్బు, ఇరుకు ఇళ్ళ జబ్బు అని కూడా అనుకోవద్దు. అమెరికాలో 2000లో తట్టు లేకుండా పోయిందని ప్రకటించారు. 2025లో అక్కడే రెండు వేలకు పైగా కేసులు వచ్చాయి. టెక్సాస్ రాష్ట్రంలో టీకా వేయించని పిల్లలు ఇద్దరు చనిపోయారు. పక్కనున్న కెనడా, తట్టును తరిమేసిన దేశమన్న పేరును 2025 నవంబరులో పోగొట్టుకుంది. మన పిల్లలు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు, మనవలూ మనవరాళ్ళూ సెలవులకు మన ఊళ్ళకు వస్తున్నారు. ఇక అక్కడి జబ్బు, ఇక్కడి జబ్బు అని వేరు చేసుకోవడానికేముంది?

అసలు ఈ జబ్బు నడక తెలుసుకుంటే సగం భ్రమలు పోతాయి. తట్టు గాలిలో వచ్చే జబ్బు. పిల్లవాడు దగ్గినా తుమ్మినా క్రిమి గాలిలో చేరుతుంది. వాడు గదిలోంచి వెళ్ళిపోయిన రెండు గంటల దాకా కూడా అది ఆ గాలిలో నిలిచి ఉండగలదు. రక్షణ లేని పిల్లలు పదిమంది ఆ పిల్లవాడితో దగ్గరగా మెలిగితే తొమ్మిదిమందికి అంటుకుంటుంది. అంటువ్యాధులన్నిటిలో ఇంత వేగంగా పాకేవి బహు తక్కువ.

అంటిన పది పన్నెండు రోజులకు జ్వరం మొదలవుతుంది. ముక్కు కారుతుంది, పొడిదగ్గు వస్తుంది, కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతాయి. వెలుతురు చూడలేక పిల్లవాడు కళ్ళు మూసుకుంటాడు. నోరు తెరిపించి బుగ్గ లోపల చూస్తే ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లని చుక్కలు కొందరిలో కనిపిస్తాయి. మూడు నాలుగు రోజుల తరవాత గాని ఒంటి మీద ఎర్రని దద్దు రాదు. అది చెవుల వెనక, నుదుటి మీద మొదలై, మొహం, మెడ, ఛాతీ, కాళ్ళ దాకా దిగుతుంది. ఆటలమ్మకూ దీనికీ తేడా ఇక్కడ తెలుస్తుంది. ఆటలమ్మలో నీటి పొక్కులు లేస్తాయి. తట్టులో నీరుండదు, ఎర్రగా గరగరలాడే దద్దు మాత్రమే.

ఇప్పుడు అసలు సంగతి వినండి. దద్దు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే ఈ జబ్బు ఇతరులకు అంటుతుంది. దద్దు వచ్చిన నాలుగు రోజుల దాకా అంటుతూనే ఉంటుంది.

మన ఇళ్ళల్లో తట్టు పోస్తే గుమ్మానికి వేపమండ కడతారు. పరాయివాళ్ళను రానివ్వరు, పిల్లవాడిని వేరే గదిలో పడుకోబెడతారు. పెద్దలు పెట్టిన ఈ ఆచారంలో మంచి ఉంది, నేను కాదనను. పిల్లవాడికి విశ్రాంతి దొరుకుతుంది, ఎదుటింటివాళ్ళు జాగ్రత్తపడతారు. కాని వేపమండ కట్టేది దద్దు చూశాక కదా! అంతకు ముందు నాలుగు రోజులూ ఆ పిల్లవాడు "మామూలు జలుబే" అన్న పేరు మీద బడికి వెళ్ళాడు, అంగన్‌వాడీలో ఆడాడు, ఆళ్లగడ్డ బస్సులో తల్లి ఒళ్ళో కూర్చుని నంద్యాల దాకా వచ్చాడు. చలికాలం చివర, వేసవి మొదట్లో తట్టు ఎక్కువగా లేస్తుంది. మహానందిలో శివరాత్రి, అహోబిలంలో తిరునాళ్ళు జరిగేదీ అప్పుడే. చంటిపిల్లలను చంకనేసుకుని మనం జనంలోకి వెళ్ళేదీ అప్పుడే. కాబట్టి తట్టును గడప దగ్గర ఆపలేం. పిల్లల ఒంట్లోనే ముందుగా కాపలా పెట్టాలి. ఆ కాపలా పేరే టీకా.

"అమ్మవారికి సూదులేమిటమ్మా, కోపం రాదూ?" అనే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. వారిని వెక్కిరించి లాభం లేదు. వారికి మశూచి కథ చెప్పండి. పెద్దమ్మవారు పోసిందంటే ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయిన రోజులు వారు విన్నవే, కొందరు చూసినవే. ఇంటింటికీ తిరిగి టీకాలు వేస్తే 1975లో మన దేశంలో మశూచి ఆగిపోయింది. 1980లో ప్రపంచం మొత్తం మీదే లేదని ప్రకటించారు. పోలేరమ్మ గుడి మాత్రం ఊరూరా ఉంది, జాతర జరుగుతూనే ఉంది. టీకా వేయించుకున్నందుకు ఆ తల్లి ఎవరి మీదా కోపగించుకోలేదు గదా! తట్టు విషయంలోనూ అంతే. మొక్కు మొక్కుకోండి, టీకా కూడా వేయించండి.

టీకా ఎప్పుడు? మన ప్రభుత్వం పెట్టిన పట్టిక ప్రకారం మొదటి సూది బిడ్డకు 9 నెలలు నిండాక, ఏడాది లోపు. రెండో సూది 16 నుంచి 24 నెలల మధ్య. 1985లో తట్టు టీకాను జాతీయ కార్యక్రమంలో చేర్చినప్పుడు ఒక్క సూదే ఉండేది. 2010 నుంచి రెండో సూది వచ్చింది. 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో 9 నెలల నుంచి 15 ఏళ్ళ లోపు పిల్లలకు బడుల్లో కూడా వేశారు, మీకు గుర్తుండే ఉంటుంది. అప్పటి నుంచి తట్టుతోపాటు రుబెల్లాకు కూడా కలిపి ఒకే సూదిగా వేస్తున్నారు. రుబెల్లా పిల్లలకు చిన్న జ్వరమే గాని, కడుపుతో ఉన్న స్త్రీకి సోకితే పుట్టే బిడ్డకు చూపు, వినికిడి, గుండె దెబ్బతినవచ్చు. ప్రైవేటు డాక్టర్ల దగ్గర గవదబిళ్ళల టీకా కూడా కలిపి ఎం.ఎం.ఆర్. పేరుతో వేస్తారు. వారి పట్టిక కొంచెం వేరు. 9 నెలలకు, 15 నెలలకు, మళ్ళీ 4–6 ఏళ్ళ మధ్య. ఎక్కడ వేయించినా కార్డులో రాయించుకోండి.

మొదటి సూది మన ఊళ్ళల్లో దాదాపు అందరూ వేయిస్తారు. తప్పిపోయేది రెండోదే. ఎందుకంటారా? మా వైపు తొలికాన్పు పుట్టింట్లో కదండీ. ఆళ్లగడ్డ అమ్మాయిని నంద్యాలకు ఇచ్చారనుకోండి. కాన్పు ఆళ్లగడ్డలో, టీకాలు ఆళ్లగడ్డలో, కార్డు వాళ్ళమ్మ బీరువాలో. బిడ్డ నడిచే వేళకు తల్లి నంద్యాల చేరుతుంది. అక్కడి నర్సమ్మ జాబితాలో ఈ బిడ్డ పేరుంటుంది, బిడ్డ ఉండదు. ఇక్కడి నర్సమ్మకు ఇలాంటి బిడ్డ ఒకటి వచ్చిందని తెలియదు. రెండో సూది ఆ నలభై కిలోమీటర్ల దారిలో ఎక్కడో పడిపోతుంది.

మా వీధిలో ఒక కోడలు పిల్లను అడిగాను, "బిడ్డకు ఏడాదిన్నర దాటింది గదమ్మీ, తట్టు సూది వేయించావా?" అని. "ఆళ్లగడ్డలో మా అమ్మోళ్లు ఏయించినారు కదత్తా, మళ్లీ ఇంకోటి ఎందుకు?" అంది. ఆ అమ్మాయి డిగ్రీ చదివింది. ఇలా అడిగేవాళ్ళు మీలో చాలామంది ఉంటారు, అందుకే దీన్ని కొంచెం విడమరచి చెబుతాను.

మనం రోజూ పాలు తోడు పెడతాం. పాలు మరీ వేడిగా ఉంటే ఎంత మంచి తోడు వేసినా పెరుగు సరిగా తోడుకోదు. టీకా సంగతీ కొంచెం అలాంటిదే. బిడ్డ పుట్టేటప్పుడు తల్లి రక్తం నుంచి కొంత రక్షణ తెచ్చుకుంటుంది. అది కొన్ని నెలలు బిడ్డను కాపాడుతుంది. కాని అది ఉండగా టీకా వేస్తే, తట్టు క్రిమే వచ్చిందనుకుని ఆ టీకాను కూడా చంపేస్తుంది. అందుకే తొమ్మిది నెలల దాకా ఆగుతారు. అప్పటికీ కొందరు పిల్లల్లో ఆ వేడి పూర్తిగా చల్లారదు. తొమ్మిది నెలలకు వేసిన సూది నూటికి 85 మంది పిల్లలకే పడుతుంది. మిగతా పదిహేనుమందికి సూది గుచ్చారన్న మాటే గాని, రక్షణ తోడుకోలేదు. పెరుగైతే మూత తీసి చూస్తాం. బిడ్డ ఒంట్లో తోడుకుందో లేదో పైకి తెలియదు. కాబట్టి అందరికీ రెండోసారి వేస్తారు. రెండూ పడితే నూటికి 95 మందికి పైగా రక్షణ దొరుకుతుంది.

అంటే రెండో సూది అదనపు సూది కాదు, మొదటిది అరిగిపోయిందని వేసేదీ కాదు. మొదటిసారి పట్టని పిల్లలకు అదే మొదటి సూది. నలభైమంది ఉన్న ఒకటో తరగతిని తలుచుకోండి. అందరికీ ఒక్క సూదే పడిందనుకుంటే ఆ గదిలో ఆరుగురికి రక్షణ లేనట్టే. ఆ ఆరుగురిలో మన బిడ్డ లేదని ఎవరు చెప్పగలరు? ఇంకొక మాట. ఊళ్ళో నూటికి 95 మంది పిల్లలకు రెండు సూదులూ పడితే తట్టుకు పాకే దారి దొరకదు. అప్పుడు ఇంకా తొమ్మిది నెలలు నిండని చంటిబిడ్డలూ, కాన్సరు వంటి జబ్బుల వల్ల టీకా వేయించుకోకూడని పిల్లలూ కూడా మన పిల్లల చాటున బతుకుతారు.

ఇక సాకులు చూద్దాం. "జలుబుగా ఉంది, తగ్గాక వేయిద్దాం." చిన్న జలుబు, దగ్గు, ఒళ్ళు కాస్త వెచ్చబడడం టీకాకు అడ్డు కావు. జ్వరం ఎక్కువగా ఉంటేనే డాక్టరు ఆగమంటారు. "రెండేళ్ళు దాటిపోయాయి, ఇంకేం వేస్తారు?" అయిదేళ్ళ లోపు ఎప్పుడు తీసుకెళ్ళినా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. ఒక్కటీ వేయించి ఉండకపోతే రెండింటి మధ్య కనీసం నెల రోజుల ఎడం పెడతారు. "కార్డు ఆళ్లగడ్డలో ఉంది." ఉంటే ఉండనివ్వండి, బిడ్డను తీసుకెళ్ళండి. ఇప్పుడు యూ-విన్ అని టీకాల లెక్క ఫోను నంబరు మీద కంప్యూటరులో ఉంచుతున్నారు, దేశంలో ఎక్కడైనా వేయించుకోవచ్చు. ఈలోగా మీ అమ్మగారిని ఫోనులో కార్డు ఫోటో తీసి పంపమనండి. "సూది వేశాక జ్వరం వచ్చింది." వారం పది రోజులకు కొందరికి కొద్దిగా జ్వరం, పలచటి దద్దు రావచ్చు. అది రెండు మూడు రోజుల్లో పోతుంది, ఇతరులకు అంటదు. సూది వేశాక అరగంట సేపు అక్కడే కూర్చోండి, అంతే.

బుధవారం, శనివారం అని నర్సమ్మలు రోజు పెట్టి పిలుస్తారే, దానికీ కారణం ఉంది. ఈ టీకా పొడిగా వస్తుంది. 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి. కలిపాక నాలుగు గంటల్లో వాడాలి, మిగిలితే పారేయాలి. అందుకే పిల్లలను ఒకే వేళకు పోగుచేస్తారు. వంట అయ్యాక తీరిగ్గా వెళదామనుకోకుండా చెప్పిన వేళకు వెళ్ళండి.

ఫోనుల్లో తిరిగే మాటలు మరో బెడద. ఈ టీకా వల్ల పిల్లలకు ఆటిజం వస్తుందని 1998లో లండన్ నుంచి వెలువడే లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. అందులో చూసింది పన్నెండుమంది పిల్లలను. 2010లో ఆ పత్రికే వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, రాసిన డాక్టరు పేరును వైద్యుల పట్టిక నుంచి తొలగించారు. ఆ తరవాత లక్షలమంది పిల్లలను చూసినా అటువంటి సంబంధం కనిపించలేదు. అయినా ఆ పుకారు ఇంకా మన ఫోనుల్లోకి వస్తూనే ఉంది.

పుకారు ఎంత పని చేస్తుందో సమోవా దీవుల్లో చూశారు. 2018లో అక్కడ ఇద్దరు పసివాళ్ళు ఈ టీకా వేసిన వెంటనే చనిపోయారు. విచారిస్తే, టీకా పొడిని నీటితో కలపవలసింది పోయి నర్సులు వేరే మందుతో కలిపారని తేలింది. తప్పు చేతిదే గాని టీకాది కాదు. కాని ఆ లోపున టీకాలు ఆగిపోయాయి, తల్లులు భయపడ్డారు. 2019లో తట్టు వచ్చింది. రెండు లక్షల జనాభా ఉన్న ఆ చిన్న దేశంలో 83 మంది పోయారు, దాదాపు అందరూ చిన్నపిల్లలు. తప్పు జరిగితే అడగాలి, నిలదీయాలి. అంతేగాని బిడ్డకు టీకా మానిపిస్తే శిక్ష పడేది బిడ్డకే.

"పోతే పోనీ, తట్టు ఒకసారి వచ్చి పోతే మళ్ళీ రాదు కదా" అంటారు కొందరు. నిజమే, మళ్ళీ రాదు. వచ్చినప్పుడు మాత్రం ఊరికే పోదు. న్యుమోనియా, విరేచనాలు, చెవిలో చీము తెస్తుంది. వెయ్యిమందిలో ఒకరికి మెదడు వాస్తుంది. అంతేకాదు, ఇదివరకు వచ్చిన జబ్బుల మీద ఒంట్లో పేరుకున్న రక్షణను కూడా తుడిచేస్తుంది. టీకా పడని నెదర్లాండ్స్ పిల్లలను పరీక్షించి 2019లో శాస్త్రజ్ఞులు ఈ సంగతి రుజువు చేశారు. అందుకే తట్టు తగ్గిన పిల్లవాడు ఆ తరవాత నెలల తరబడి ఏదో ఒక జబ్బుతో నలుగుతూ ఉంటాడు. పెద్దవాళ్ళు దీన్ని దిష్టి అనేవారు.

కళ్ళ సంగతి మన హైదరాబాదు వారే చూపించారు. జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వినోదినీ రెడ్డి గారు, వారి సహచరులు తట్టు పోసిన పిల్లలను కనిపెట్టి చూసి 1986లో ఫలితాలు ప్రకటించారు. తట్టు పిల్లల బరువును తగ్గిస్తుంది, ఒంట్లోని ఎ విటమిన్‌ను హరిస్తుంది, కంటి నల్లగుడ్డును పుండు చేసి చూపును తీసేయగలదు. కాబట్టి తట్టు సోకిన పిల్లలకు డాక్టర్లు వరసగా రెండు రోజులు ఎ విటమిన్ మోతాదు ఇస్తారు. అది వయసును బట్టి డాక్టరు ఇవ్వవలసిందే, దుకాణంలో కొని మీరు పోయకండి. టీకా రోజుల్లో తొమ్మిదో నెల నుంచి అయిదేళ్ళ దాకా ఆరు నెలలకొకసారి నర్సమ్మ పోసే ఎ విటమిన్ మాత్రం మానకండి. మునగాకు, పాలకూర, బొప్పాయి, గుడ్డు ఎలాగూ మన వంటింట్లోవే.

ఒకవేళ ఇంట్లో తట్టు పోసిందే అనుకోండి. పథ్యం పేరుతో బిడ్డను మాడ్చకండి. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపవద్దు. పెద్దపిల్లలకు మెత్తటి అన్నం, పప్పు, మజ్జిగ, గంజి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. కళ్ళను కాచి చల్లార్చిన నీటిలో ముంచిన శుభ్రమైన గుడ్డతో తుడవండి. పసర్లు, పాలు, పొడులు కళ్ళలో వేయవద్దు. బడికి పంపకండి. ఇంటి చుట్టుపక్కల టీకా పడని పిల్లలుంటే ఆ తల్లులకు వెంటనే కబురు పెట్టండి. సోకిన పిల్లవాడి దగ్గర మసలిన మూడు రోజుల లోపు టీకా పడితే జబ్బు తప్పే అవకాశం ఉంది. ఆశా కార్యకర్తకు చెప్పండి, దాచకండి. పిల్లవాడు ఎగశ్వాస తీస్తున్నా, ఏదీ తాగకపోయినా, ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడి ఉన్నా, నల్లగుడ్డు మీద పొర కనిపించినా వేపాకుల కోసం చూడక ఆసుపత్రికి పరుగెత్తండి.

ఈ మాటలు విన్నాక పనులన్నీ మానుకోమని అనను. ఒక్క పని చేయండి. టీకా కార్డు తీసి పదహారో నెల గడిలో తేదీ ఉందో లేదో చూడండి. ఖాళీగా ఉంటే వచ్చే బుధవారమో శనివారమో బిడ్డను ఎత్తుకుని వెళ్ళండి. మీ బిడ్డలు పెద్దవాళ్ళయి ఉంటే, పుట్టింటి నుంచి ఈ మధ్యనే తిరిగివచ్చిన పక్కింటి కోడలు పిల్లను ఒక్కసారి పలకరించి అడగండి. మా వీధి అమ్మాయి మొన్న శనివారం వెళ్ళి వేయించుకుని వచ్చింది. బిడ్డ పది నిమిషాలు ఏడ్చి, బిస్కత్తు చూడగానే మానేశాడట.

మళ్ళీ కలుసుకుందాం. అంతదాకా సెలవు.